ముల్లంగి ఫింగర్ చిప్స్

సమీనా ప్లేటు ముందు పెట్టుకుని ఫింగర్ చిప్స్‌ను ఒక్కొక్కటే వేలితో పక్కకు జరుపుతూ లెక్కపెట్టింది. పెదవులు కదిలాయి గానీ మాట బయటకు రాలేదు. లెక్క అయ్యాక మూడు ముక్కలు తీసి కాగితం మీద పెట్టేసింది.

గల్లాపెట్టె దగ్గర నిలబడిన అతావుల్లాకు ఒళ్ళు మండింది. బెంగళూరులో బేకరీ పని నేర్చుకుని వచ్చి, తనకల్లు బస్టాండు ఎదురుగా సొంతంగా అంగడి పెట్టుకున్నాడు. తక్కువ వేశావని గొణిగినవాళ్ళు ఉన్నారు గానీ, ఇట్లా కళ్ళముందే లెక్కపెట్టినవాళ్ళు లేరు.

"ఏమ్మా, తక్కువైనాయా?"

ఆమె తలెత్తింది. "లేదే."

"మరి ఎందుకు లెక్క పెడతాండావు?"

"ఎన్ని ఉండాయో తెల్సుకుందామని."

"తెల్సుకుని?"

"తింటా."

"ఆ మూడూ ఏం పాపం చేసినాయి?"

"ఎక్కువైనాయి అన్నా. నువ్వు శానా వేస్తాండావు."

ఎక్కువ వేసినందుకు మాట పడటం అతావుల్లాకు అదే మొదలు. అద్దాల బీరువాలో బన్నులు సర్దాడు. ఆమె చేతిసంచి తీసుకుని వెనకనున్న కుళాయి దగ్గరికి పోయి, కాసేపటికి తిరిగి వచ్చి నింపాదిగా తినింది. కదిరి వైపు కొండల మీద మబ్బు పట్టింది. బస్టాండులో దుమ్ము లేచింది. అందరూ తలెత్తి చూశారు. మబ్బు అట్లాగే ఎటో పోయింది.

ఆమె ఊర్లోని ప్రైవేటు బడిలో లెక్కల టీచరని తర్వాత తెలిసింది. శనివారం ఒంటిపూట బడి. అది అయ్యాక నేరుగా బేకరీకి వచ్చేది. మిగతా రోజుల్లో రాదు. వారానికి ఒక్క ప్లేటు.

మరుసటి శనివారం అతావుల్లా ముందే సిద్ధంగా ఉన్నాడు.

"ఇరవై ఉండాయి టీచరమ్మా. నేనే లెక్కపెట్టి వేసినా. నమ్మకం లేకుంటే మళ్ళీ లెక్కపెట్టుకో."

ఆమె లెక్కపెట్టింది. "ఇరవై ఒకటి. లెక్కల్లో ఫెయిలా అన్నా నువ్వు?"

"బార్డర్‌లో పాసయినా. ఆ 'అన్నా' అనేది మానేయరాదా?"

"ఏం? ఊరంతా నిన్ను అట్లనే పిలుస్తాది కదా."

"ఊరంతా పిలవనీలే."

సమీనా అతన్ని ఒకసారి చూసి, చటుక్కున ప్లేటులోకి చూపు దించుకుంది. పెదవి చివర నవ్వు పట్టుబడింది. ఆ తర్వాత ఆమె అతన్ని అన్నా అనలేదు. ఏమీ అనకుండానే మాట్లాడేది. "ఇదిగో", "చూడు", "వినపడతాందా" అనేది. ఆ పిలుపులు అతావుల్లాకు పేరు పెట్టి పిలిచినదాని కన్నా బాగున్నాయి.

"అన్నీ ఒకే సైజులో కోయరాదా?" అనింది ఇంకో శనివారం. "ఒకటి పొడుగు, ఒకటి పొట్టి ఉంటే లెక్క కుదరదు."

"తినేదానికి లెక్కెందుకు? రుచి చూడల్ల గానీ."

"రుచి నీ పని. లెక్క నా పని."

అతను కదిరికి పోయి ఫింగర్ చిప్స్‌కు ఉర్లగడ్డలు, అదే బంగాళాదుంపలు, కోసే కట్టర్ కొనుక్కొచ్చాడు. అప్పటి నుంచి ముక్కలన్నీ అగ్గిపుల్లల్లా ఒకే కొలతలో వచ్చేవి. సమీనా ప్లేటు చూసి, అతన్ని చూసి, ఆ రోజు లెక్కపెట్టకుండా "ఎన్ని?" అని అడిగింది. అతను చెప్పిన లెక్కను నమ్మి కుళాయి దగ్గరికి పోయింది.

ఆ కుళాయి దగ్గరే అతావుల్లాకు విషయం తెలిసింది.

సబ్బు అయిపోయిందని కొత్తది పెట్టడానికి వెనక్కి పోయాడు. సమీనా గోడవైపు తిరిగి నిలబడి, కుర్తా అంచు కొద్దిగా ఎత్తి, పొట్టకు పెన్నులాంటిది ఒత్తుకుంటోంది. అతను సబ్బు చేత్తో పట్టుకునే వెనక్కి వచ్చేశాడు. ఆ పెన్ను ఏమిటో ఒకరు చెప్పనక్కరలేదు. అట్లాంటివి ఇంట్లో చూశాడు.

అతావుల్లా తండ్రి లారీ నడిపేవాడు. షుగరు వచ్చింది. ఉర్లగడ్డ వేపుడు కనబడితే ఆగేవాడు కాదు. కాలి వేలికి పుండు పడింది. వేలు తీసేశారు, తర్వాత పాదం, తర్వాత మోకాలి కింద దాకా. చివరి నెలల్లో తల్లి ఖాతూన్‌బీ రోజూ పొద్దున్నే ఆ పుండు కడిగేది. గదిలో వాసన పోవడానికి ఎన్ని అగరొత్తులు వెలిగించినా పోయేది కాదు. మనిషి పోయాక కూడా చాన్నాళ్ళు ఆ గదిలో ఎవరూ పడుకోలేదు.

ఇప్పుడు ఆ జబ్బే ఉన్న అమ్మాయికి తన చేత్తోనే వారం వారం ఉర్లగడ్డలు వేయించి పెడుతున్నాడు.

అడుగుదామనుకున్నాడు. అడిగితే సిగ్గుపడుతుంది, ఇక రాదు అనుకున్నాడు. ఆమె దాచుకున్నదాన్ని తాను బయటికి లాగడమెందుకు? ఆమెకు తెలియకుండానే కాపాడుకుంటే పోలేదా? ఆ ఆలోచన వచ్చినప్పుడు అతనికి తన మనసు తనకే ముచ్చటగా తోచింది.

ఉర్లగడ్డ లేకుండా, నూనెలో దేవకుండా, ఓవెన్‌లో కాల్చి, చూడటానికి మాత్రం అచ్చం అవే అనిపించేలా ఫింగర్ చిప్స్ చేయాలి.

బీట్‌రూట్ రంగు చూస్తేనే దొరికిపోతాడు. క్యారెట్ తీపి. చివరికి ముల్లంగి మిగిలింది. మొదటిసారి ఓవెన్ తెరవగానే లేచిన వాసనకు టీ తాగుతున్న ఇద్దరు గ్లాసులు పట్టుకుని బయటికి పోయారు. రెండోసారి ఉడకబెట్టి కాలిస్తే తడిగుడ్డల్లా వేలాడాయి. మూడోసారి మాడాయి.

ఖాతూన్‌బీ ఒకటి నోట్లో వేసుకుని మొహం చిట్లించింది. "ఇవి తినేదానికా, పారేసేదానికా?"

"నీళ్ళు పోవడం లేదుమా."

"ఎండలో వెయ్. మన ఊర్లో ఇంకేం లేకపోయినా ఎండ ఉండాది కదా."

ఉప్పు నీళ్ళలో ఉడికించి, వార్చి, మిద్దె మీద పాత పంచె పరిచి ఎండలో ఆరబెట్టాడు. తనకల్లు ఎండ తన పని తాను చేసింది. ముక్కలు ముడుచుకుని గట్టిపడ్డాయి. వేయించిన శెనక్కాయల పొడి, కారం, పసుపు, మిరియాలు కలిపి, చెంచాడు నూనె చిలకరించి, ఓవెన్‌ను బాగా వేడెక్కించి కాల్చాడు. మధ్యలో ఒకసారి తిరగేశాడు. బయట కరకర, లోపల మెత్తన. ఘాటు పోయింది. కళ్ళు మూసుకుని తింటే ఉర్లగడ్డ కాదని ఒట్టేసి చెప్పడం కష్టం.

"ఎవరికిరా ఇవి?" అనింది తల్లి.

"కస్టమర్‌కు."

"కస్టమర్‌కు చేస్తే మొహం ఇంతగా వెలుగుతాదా?"

అతను తట్ట తీసుకుని కిందికి దిగిపోయాడు.

ఆ శనివారం సమీనా ఆలస్యంగా వచ్చింది. మొహం వాడిపోయి ఉంది. కూర్చుని కాసేపు బల్ల మీద గీతలు గీసింది.

"రేపు కదిరి నుంచి వస్తాండారు" అనింది.

"ఎవరు?"

"నన్ను చూసేదానికి."

అతావుల్లా చేతిలోని ప్లేటు ఒక్క క్షణం ఆగింది. సమీనా అతని మొహంలోకే చూస్తోంది. ఏదో ఒకటి అంటాడని ఎదురుచూసింది. అతను ప్లేటు ఆమె ముందు పెట్టి, "ఇరవై ఉండాయి" అన్నాడు.

ఆమె తల ఊపి కుళాయి దగ్గరికి పోయి వచ్చింది. రెండు ముక్కలు తిన్నాక ఆగింది.

"రుచి వేరేగా ఉండాది. ఏం మార్చినావు?"

"మసాలా."

"ఉర్లగడ్డలు కూడా వేరేనా?"

"ఆ. మదనపల్లె సరుకు."

"బాగుండాయి" అని అన్నీ తినేసింది. ఆమె అటు పోతుంటే అతావుల్లా గల్లాపెట్టె వెనక నుంచి చూశాడు. పెళ్ళికొడుకు ఎవడైనా కానీ, ఈ పూటకు మాత్రం ఆమె ఒంట్లోకి విషం పోలేదనుకున్నాడు. దిగులులోనూ ఆ ఒక్క తృప్తి మిగిలింది.

సమీనా ఇల్లు ఊరి చివర, మెయిన్ రోడ్డు దాటాక ఉంది. ఎప్పుడూ నడిచే దారే. సగం దూరం పోయేసరికి చేతులు వణికాయి. ఎండ అనుకుంది. చెమట పట్టి కుర్తా వీపుకు అంటుకుపోయింది. రేపటి సంగతి తలుచుకుని గుండె దడదడలాడుతోందనుకుంది. షుగరు పడిపోతే ఇట్లాగే ఉంటుందని ఆమెకు పదకొండో ఏటి నుంచీ తెలుసు. కానీ ప్లేటు నిండా ఉర్లగడ్డలు తినింది. వాటికి సరిపడా లెక్కపెట్టి మరీ ఇన్సులిన్ వేసుకుంది. పడిపోయే పనే లేదు.

అందుకే సంచిలో ఉన్న గ్లూకోజు పొట్లం తీయలేదు. ఇంకో పది అడుగులేస్తే ఇల్లు వస్తుందనుకుంది. రోడ్డు పక్కన కంప చెట్లు రెండు రెండుగా కనిపించాయి. అప్పటికి అర్థమై సంచిలో చేయి పెట్టింది గానీ, వేళ్ళు ఆమె మాట వినలేదు.

గొర్రెల్ని తోలుకొస్తున్న దాసప్ప చూశాడు. ఎండదెబ్బ అనుకుని తన తువ్వాలు తడిపి మొహం మీద వేసి, పోతున్న ఆటోను ఆపి ఆస్పత్రికి పంపాడు.

ఆస్పత్రి బస్టాండు పక్కనే. ఆటోలో నుంచి దించుతున్నప్పుడు అతావుల్లా ఆ కుర్తా రంగు గుర్తుపట్టాడు. పరిగెత్తి పోయేసరికి సమీనాను మంచం మీద పడుకోబెట్టారు. పళ్ళు బిగుసుకుపోయాయి. ఒళ్ళంతా చెమట కారుతోంది. లోపలా బయటా జనం.

"ఎండదెబ్బ మేడం" అంటున్నాడు ఆటో అతను, నర్సు హేమలతతో. "గాలి రానీండి, గాలి రానీండి."

అతావుల్లా చెబితే ఆమె ఇన్నాళ్ళూ దాచుకున్నది ఊరందరి ముందూ బయటపడుతుంది. రేపు కదిరి నుంచి మనుషులు వస్తున్నారు. ఆ తలపు ఎంతసేపు నిలిచిందో గానీ, అంతలో సమీనా చేయి మంచం మీద ఒకసారి ఎగిరి పడింది. ముక్కల లెక్క తెలుసుకున్నాకే ఆమె కుళాయి దగ్గరికి పోయేదని అతనికి అప్పుడు తట్టింది.

"ఆయమ్మికి షుగర్ ఉండాది" అన్నాడు. గట్టిగానే అన్నాడు. "ఇన్సులిన్ వేసుకుంది. ఇందాకే. ఉర్లగడ్డలు తింటాండాననుకుని వేసుకుంది. నేను ముల్లంగి పెట్టినా."

హేమలత గిరుక్కున తిరిగింది. "ఏమన్నావు?"

"ముల్లంగి. ఉర్లగడ్డ అని చెప్పి పెట్టినా."

ఆమె ఇంకేం అడగలేదు. వేలికి సూది గుచ్చి మీటరు చూసి, "డాక్టరుగారిని పిలవండి" అని కేకేసి, సమీనా చేతికి సూది ఎక్కించే పనిలో పడింది. అతావుల్లా బేకరీ నుంచి చక్కెర నీళ్ళు తెస్తానని కదలబోతే, "నోట్లో ఏమీ పోయొద్దు, గొంతుకు అడ్డం పడతాది. పక్కకు నిలబడు" అనింది. అతను గోడకు ఆనుకుని నిలబడ్డాడు. సీసాలోని గ్లూకోజు ఎక్కుతోంది. వెనక జనం గొంతులు వినిపిస్తున్నాయి. నూర్ అహమ్మద్ కూతురికి షుగరంట. చిన్నప్పట్నుంచీనంట. పాపం, పెళ్ళి కావల్సిన పిల్ల.

పరుపులు కుట్టే నూర్ అహమ్మద్ ఒంటి మీది దూదిపింజలతోనే పరుగున వచ్చాడు. సమీనా తల్లి లేని బిడ్డ. మంచం పక్కన నేలమీద కూర్చుని ఆమె పాదం పట్టుకున్నాడు.

సమీనా కళ్ళు తెరవడానికి చాలాసేపు పట్టింది. మొదట తండ్రిని చూసింది. తర్వాత గోడ దగ్గర అతావుల్లాను చూసింది.

"ఎట్ల పడిపోయినా నాయనా? నేను తిన్నా కదా."

నూర్ అహమ్మద్ తల దించుకున్నాడు. జవాబు అతావుల్లానే చెప్పాడు.

"అవి ఉర్లగడ్డలు కాదు. ముల్లంగి."

ఆమె అతన్ని అట్లాగే చూసింది. తిట్టలేదు. కళ్ళు మూసుకుని మొహం గోడవైపు తిప్పుకుంది.

కదిరి నుంచి ఎవరూ రాలేదు. పిల్ల ఒళ్ళు కుదుటపడ్డాక చూద్దామని ఫోన్ చేశారు. మళ్ళీ ఫోన్ రాలేదు. బడివాళ్ళు కూడా మంచి మాటలే చెప్పారు. క్లాసులో పడిపోతే పిల్లలు భయపడతారు, కొన్నాళ్ళు రెస్టు తీసుకోమన్నారు. ఆమె స్థానంలో ఇంకొకర్ని పెట్టుకున్నారు. ఊర్లో ఆడవాళ్ళు నూర్ అహమ్మద్ ఇంటి ముందు నడక నిదానం చేసి లోపలికి తొంగి చూసేవాళ్ళు. రంజాన్‌లో ఆ పిల్ల ఉపవాసం ఎందుకు ఉండదో ఇప్పుడు తెలిసిందిలే అనుకునేవాళ్ళు.

అతావుల్లా బేకరీలో ఫింగర్ చిప్స్ ఆపేశాడు. ఎవరైనా అడిగితే లేవనేవాడు. కట్టర్‌ను అటక మీదికి విసిరేశాడు. నాలుగైదు సార్లు నూర్ అహమ్మద్ ఇంటి దాకా పోయి, ఎవరూ చూడకముందే తిరిగి వచ్చాడు. చివరికి ఒక పొద్దున అంగడి తెరవకుండానే పోయాడు.

నూర్ అహమ్మద్ వాకిట్లో దూది విదిలిస్తున్నాడు. చేయి ఆపలేదు.

"తప్పయిపోయింది మామా" అన్నాడు అతావుల్లా.

"అయింది."

"ఆమెకు మంచి చేద్దామనే..."

"తెలుసప్పా." నూర్ అహమ్మద్ మొహం మీది దూదిని మోచేత్తో తుడుచుకున్నాడు. "నేనూ మంచి చేద్దామనే కదా, వచ్చిన సంబంధాలోళ్ళకు ఒక్కరికీ చెప్పలేదు. పెళ్ళయినాక తెలిస్తే తెలుస్తాదిలే, బిడ్డ పుట్టినాక వదిలేస్తారా అనుకుంటి. పెళ్ళయినాక అత్తగారింట్లో పొట్టకు సూది పొడుచుకునేది యాడ? దాచిపెట్టుకునేది యాడ? అది కూడా ఆలోచించలేదు నేను. నిన్నేమని తిట్టేది?"

లోపల నుంచి సమీనా వచ్చి గడపలో నిలబడింది. బాగా చిక్కిపోయింది.

"నాయనా, నువ్వు రోంత అట్ల పో. నేను మాట్లాడల్ల."

నూర్ అహమ్మద్ లేచి గొడ్లపాక వైపు పోయాడు.

"ఎందుకు చేసినావు?" అనింది.

అతావుల్లా తండ్రి కాలు సంగతి చెప్పాడు. పుండు కడిగిన నీళ్ళ సంగతి చెప్పాడు.

ఆమె పూర్తిగా వినింది. "మీ నాయనకు వచ్చింది వేరే. నాకు వచ్చింది వేరే. నా ఒంట్లో ఇన్సులిన్ పుట్టనే పుట్టదు. ఏది తిన్నా దానికి తగ్గట్టు సూది వేసుకోవల్ల. ఉర్లగడ్డలు తింటే ఉర్లగడ్డలకు, సంగటి తింటే సంగటికి. అందుకే లెక్క. వారమంతా నోరు కట్టుకుని ఆ ఒక్క పూట నాకిష్టమైంది తింటాంటి. నువ్వు అడిగింటే చెప్పేదాన్ని కదా."

"అడిగితే బాధపడతావని."

"అడగనందుకు చచ్చిపోతాంటి."

అతను కాలి దగ్గర పడిన దూదిపింజను ఏరాడు.

"రుచి వేరేగా ఉండాదంటే మసాలా అన్నావు. ఉర్లగడ్డలా అంటే మదనపల్లె సరుకు అన్నావు. రెండుసార్లు అడిగినా నిన్ను." ఆమె అతని మొహంలోకి సూటిగా చూసింది. "ఈ ఊర్లో నేను లెక్కపెట్టకుండా నమ్మింది ఒక్కని లెక్కనే."

అంతే చెప్పి లోపలికి పోయింది. తలుపు వేసిన శబ్దం కూడా రాలేదు.

ఎండలు ముదిరాయి. బోర్లు ఎండిపోయి ట్యాంకర్ల చుట్టూ బిందెలు వరుస కట్టాయి. అతావుల్లా పొద్దున బన్నులు కాల్చేవాడు, సాయంత్రం మిగిలినవి కుక్కలకు వేసేవాడు. తల్లితో కూడా మాట తగ్గిపోయింది.

ఒక మధ్యాహ్నం అంగట్లో ఎవరూ లేనప్పుడు సమీనా వచ్చింది. చేతిసంచి బల్ల మీద పెట్టి, అందులోంచి మీటరు తీసి పక్కన పెట్టింది. గోడవైపు తిరగలేదు, ఎవరైనా చూస్తారేమోనని అటూ ఇటూ చూడలేదు.

"ఆ ముల్లంగివి చేయి" అనింది.

అతనికి వినపడింది గానీ నమ్మబుద్ధి కాలేదు. "ఏంది?"

"ముల్లంగి ఫింగర్ చిప్స్. నా ముందర చేయి. ఏం వేస్తాండావో ఒక్కొక్కటీ చెప్పి వెయ్."

"ఎందుకు?"

"బాగుండెనప్పా అవి. అబద్ధమెందుకు?"

ఇద్దరూ మిద్దె ఎక్కారు. అతను ఉడికించిన ముక్కల్ని పంచె మీద పరుస్తుంటే ఆమె ఒకదాని మీద ఒకటి పడినవాటిని విడదీసింది. కాళ్ళు కాలుతుంటే ఇద్దరూ ఒక పాదం మార్చి ఒక పాదం నిలబడ్డారు. ఆమెకు నవ్వొచ్చి, దాచుకుంది. ముక్కలు ఎండి కిందికి తెచ్చాక శెనక్కాయల పొడి ఎన్ని చెంచాలో అడిగి, తానే కొలిచి వేసింది.

"నూనె?"

"ఒక చెంచా."

"కారం?"

"నీ ఇష్టం."

"నా ఇష్టం అన్నావు చూడు, అది ముందే అనాల్సింది."

ఓవెన్ వేడికి ఇద్దరి మొహాలూ ఎర్రబడ్డాయి. ప్లేటు వచ్చాక ఆమె సూది వేసుకోకుండానే తినింది. ఆ తర్వాత వేలు గుచ్చుకుని మీటరు చూపించింది. అతనికి ఆ అంకెలు ఏమీ అర్థం కాలేదు. ఆమె ఓపికగా చెప్పింది, ఎంత ఉండాలో, ఎంతకు పైకి పోకూడదో, ఎంతకు కిందికి రాకూడదో. అతను బడిపిల్లవాడిలా రెండోసారి అడిగాడు, మూడోసారి అడిగాడు.

"నిన్ను పెళ్ళి చేసుకుంటా" అన్నాడు, మీటరు చూస్తూనే.

ఆమె చేయి ఆగింది. "జాలా?"

"కాదు. నువ్వు లెక్కపెట్టిన మొదటి రోజు నుంచే. ఆ రోజు కోపమని నేననుకుంటి గానీ కాదు."

సమీనా మీటరు తీసి సంచిలో పెట్టింది. "నా కళ్ళు పోవచ్చు. కిడ్నీలు పోవచ్చు. బిడ్డ పుట్టేది కష్టం కావచ్చు. రాత్రిపూట పక్కలో పడుకున్నోళ్ళు లేపినా లేవకపోవచ్చు. రోజూ సూదులు, రోజూ ఖర్చు. మీ నాయన్ని చూసినోనివి. మళ్ళీ చూడగలవా?"

అతను వెంటనే చూడగలనని చెప్పలేదు. భయంగా ఉందన్నాడు. ఆ గది వాసన ఇప్పటికీ కలలో వస్తుందన్నాడు. "భయమైతాంది గానీ, నువ్వు లేకుండా ఉండేది ఇంకా భయమైతాంది. ఈ నెలంతా చూసినా కదా."

ఆమె కళ్ళు తుడుచుకుంది. "నాకూ నువ్వంటే ఇష్టమే. ఆ పొద్దు, నన్ను చూసేదానికి వస్తాండారని చెప్పినప్పుడు, నువ్వు వద్దంటావేమోనని చూస్తి. ఇరవై ఉండాయన్నావు." సంచి తీసుకుంటూ అనింది, "మీ అమ్మకు అంతా చెప్పు. ఒక్కటీ దాచొద్దు. ఆమె కాదంటే నేను రాను."

ఖాతూన్‌బీ కాదనింది.

కొడుకు చెప్పిందంతా వినింది. బియ్యంలో రాళ్ళు ఏరుతున్న చేట పక్కన పెట్టింది. "ఒకన్ని నా చేతుల్తో కడిగి సాగనంపినా. ఇంకొకర్ని నా ఇంటికి తెస్తానంటావా? నాకు చాతకాదురా" అని లేచిపోయింది. ఆ తర్వాత తల్లీకొడుకులు ఒకే ఇంట్లో ఎవరి అన్నం వాళ్ళు పెట్టుకుని తిన్నారు. అతావుల్లా బతిమలాడలేదు. ఆమె కడిగిన చేతులు ఎట్లాంటివో చూసినవాడు కాబట్టి అతనికి నోరు రాలేదు. సమీనాకు ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. సరే అనింది. అంతకన్నా మాట్లాడుకోలేదు.

కొన్నాళ్ళకు, ఒక శుక్రవారం పొద్దున, ఖాతూన్‌బీ తలమీద కొంగు కప్పుకుని ఒక్కతే నూర్ అహమ్మద్ ఇంటికి పోయింది.

నూర్ అహమ్మద్ కంగారుగా లేచి, కుట్టడం అయిపోయిన కొత్త పరుపు మీద కూర్చోమన్నాడు. ఆమె దాని అంచున కూర్చుంది. సమీనా నీళ్ళు తెచ్చి ఇచ్చి పక్కన నిలబడింది. ఖాతూన్‌బీ నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టి, ఆ అమ్మాయిని పైనుంచి కిందికి చూసింది.

"మొన్న పడిపోయినావంట కదా. మళ్ళీ పడిపోతావా?"

"పడిపోవచ్చు" అనింది సమీనా. "పడనని చెప్పలేనుమా."

"సూది నువ్వే వేసుకుంటావా, ఇంకొకరు వెయ్యల్లా?"

"నేనే వేసుకుంటా."

వాకిట్లో పడిన ఎండలో దూదిపింజలు తేలుతున్నాయి. ఖాతూన్‌బీ తన చేతుల్ని తానే తిప్పి చూసుకుంది.

"వాని నాయనకు నేను చేసిందంతా ఎవరూ నేర్పలేదు. చేసింది ఒప్పో తప్పో ఇప్పటికీ తెలీదు. డాక్టర్లు ఏదో చెప్పేవాళ్ళు, నాకు తలకెక్కేది కాదు. అడగాలంటే భయం." ఆమె పరుపు మీద రోంత లోపలికి జరిగి, పక్కన చోటు చూపించింది. "కూర్చో. నువ్వు పడిపోతే ఏం చేయల్లో చెప్పు. వాడు పొద్దంతా అంగట్లో ఉంటాడు. ఇంట్లో నీకాడ ఉండేది నేనే కదా."

నూర్ అహమ్మద్ మొహం పక్కకు తిప్పుకున్నాడు. సమీనా కూర్చుంది.

"తెలివి ఉంటే చక్కెర నీళ్ళు ఇయ్యల్ల. తెలివి లేకుంటే నోట్లో ఏమీ పోయకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, అంబులెన్సుకు ఫోన్ చేయల్ల."

"నిదానంగా చెప్పు. నాకు చదువు రాదు, మనసులో పెట్టుకోవల్ల."

సమీనా మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. ఖాతూన్‌బీ ఆమె చేయి పట్టుకుని ఒక్కో మాటా వెనక్కి అప్పజెప్పింది.